ఉద్యోగ ఇంటర్వ్యూ

ఉద్యోగ నియామకంలో భాగంగా అభ్యర్థిని ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగి, ఆ ఉద్యోగానికి అతడు లేదా ఆమె తగినవారా కాదా అని నిర్ణయించే పద్ధతిని ఉద్యోగ ఇంటర్వ్యూ అంటారు. తెలుగులో దీనిని మౌఖిక పరీక్ష, ముఖాముఖి అని కూడా వ్యవహరిస్తారు. అభ్యర్థికి ఏమి తెలుసో వ్రాత పరీక్ష తేలుస్తుంది. తెలిసినదానిని ఎదుటివారికి అర్థమయ్యేటట్లు చెప్పగలరా, తెలియనిదానిని తెలియదని ఒప్పుకోగలరా, నలుగురితో కలిసి పనిచేయగలరా అన్న విషయాలను ఇంటర్వ్యూలో గమనిస్తారు. ఇది పుట్టుకతో వచ్చే మాటకారితనానికి పరీక్ష అన్న అభిప్రాయం విద్యార్థులలో బలంగా ఉన్నది. నిజానికి ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలలో ఎక్కువ భాగం ముందుగా ఊహించదగినవే. కావున ఇది కూడా సాధనతో నేర్చుకోదగిన విద్యయే. కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత విద్యార్థుల పరిస్థితులను ఉదాహరణగా తీసుకొని ఈ విషయాలు ఇక్కడ వివరించబడినవి.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం

ఆదోని పత్తి వ్యాపారానికి, జిన్నింగు మిల్లులకు పేరుపొందిన పట్టణం. ఎమ్మిగనూరు చేనేతకు ప్రసిద్ధి. మాచాని సోమప్ప 1938లో ఇక్కడ స్థాపించిన చేనేత సహకార సంఘం ఎమ్మిగనూరు వస్త్రాలకు దూరప్రాంతాలలో గుర్తింపు తెచ్చింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు 1953 అక్టోబరు 1 వరకు మద్రాసు రాష్ట్రపు బళ్ళారి జిల్లాలో ఉండేవి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు అవి అందులో చేరాయి. ఈ కారణంగానూ, కర్ణాటక సరిహద్దు దగ్గరగా ఉండటం వలననూ ఇక్కడ తెలుగుతో పాటు కన్నడం, ఉర్దూ కూడా వినిపిస్తాయి.

తుంగభద్ర దిగువ కాలువ ఈ ప్రాంతం గుండా పోతున్నప్పటికీ చాలా గ్రామాలలో సేద్యం వర్షాధారమే. పంట పనులు ముగిసిన తరువాత కుటుంబాలు మిరప కోతలకు, పత్తి తీతలకు గుంటూరు వైపు వలస పోవడం ఏటా జరుగుతున్నది. ఇటువంటి కుటుంబాలలో డిగ్రీ వరకు చదివిన మొదటి వ్యక్తి అనేక సందర్భాలలో ఆ విద్యార్థే అయి ఉంటాడు. ఇంటర్వ్యూకు వెళ్ళివచ్చిన అన్నగానీ అక్కగానీ ఇంట్లో ఉండరు. గదిలోపల ఏమి జరుగుతుందో చెప్పేవారు లేకపోవడమే వీరికి అసలు లోటు. చదువులో లోటుకంటే ఇదే వీరిని ఎక్కువగా వెనుకకు లాగుతుంది.

రకాలు

వ్యక్తిగత ఇంటర్వ్యూ: ఒక అధికారి లేదా యజమాని ఒక అభ్యర్థిని ప్రశ్నిస్తారు. దుకాణాలు, మిల్లులు, ప్రైవేటు పాఠశాలల వంటి చిన్న సంస్థలలో సాధారణంగా ఇదే పద్ధతి.

బోర్డు ఇంటర్వ్యూ: ముగ్గురు నుంచి ఐదారుగురు సభ్యులు కలిసి ప్రశ్నిస్తారు. పబ్లిక్ సర్వీస్ కమిషన్లు, బ్యాంకులు ఈ పద్ధతిని అనుసరిస్తాయి.

సాంకేతిక ఇంటర్వ్యూ: చదివిన విషయంలోని లోతును పరీక్షిస్తారు. ఇంజనీరింగు, కంప్యూటరు ఉద్యోగాలలో దీని తరువాత మానవ వనరుల విభాగం వారి ఇంటర్వ్యూ ఉంటుంది.

బృంద చర్చ: ఎనిమిది, పది మంది అభ్యర్థులకు ఒక అంశం ఇచ్చి చర్చించమంటారు. ఎక్కువసేపు మాట్లాడినంత మాత్రాన ఎక్కువ మార్కులు రావు. ఇతరులు చెప్పినదానిని విని, దానికి ఒక మాట జోడించగలిగినవారిని గుర్తిస్తారు.

ప్రాంగణ నియామకం, జాబ్ మేళా: సంస్థలే కళాశాలకు వచ్చి ఒకటి రెండు రోజులలో ఎంపిక ముగిస్తాయి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ డిగ్రీ కళాశాలల్లోనూ, ఐ.టి.ఐ.లలోనూ జాబ్ మేళాలు నిర్వహిస్తుంది.

దూర ఇంటర్వ్యూ: టెలిఫోను లేదా వీడియో ద్వారా జరిగేది. 2020 కరోనా కాలం నుంచి ఇది బాగా వాడుకలోకి వచ్చింది.

ప్రభుత్వ నియామకాలలో ఇంటర్వ్యూ

ప్రభుత్వ ఉద్యోగాలలో ఇంటర్వ్యూ పాత్ర క్రమంగా తగ్గుతూ వచ్చింది. సిఫారసులకు, ముడుపులకు అది దారి ఇస్తుందన్న విమర్శయే ఇందుకు ప్రధాన కారణం. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి గ్రూపు-సి, గెజిటెడ్ కాని గ్రూపు-బి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలను రద్దు చేసింది. టైపింగు, డ్రైవింగు వంటి నైపుణ్య పరీక్షలు మాత్రం కొనసాగుతున్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2022లో గ్రూప్-1, గ్రూప్-2 ఉద్యోగాలకు కూడా ఇంటర్వ్యూలను తొలగించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 జూన్‌లో ఇంటర్వ్యూలను రద్దు చేస్తూ ఉత్తర్వు ఇచ్చినప్పటికీ, ఆ తరువాతి గ్రూప్-1 నియామకాలలో మౌఖిక పరీక్ష మళ్ళీ చోటుచేసుకున్నది.

2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఒకే వేసవి తరువాత రెండు భిన్న పద్ధతులు పక్కపక్కనే కనిపించాయి. గ్రామ, వార్డు సచివాలయాలలోని లక్షకు పైగా ఉద్యోగాలు సెప్టెంబరులో జరిగిన వ్రాత పరీక్షతోనే భర్తీ అయ్యాయి. అదే ఏడాది గౌరవ వేతనంపై నియమించిన గ్రామ వాలంటీర్లను మండల స్థాయిలో ఇంటర్వ్యూల ద్వారా ఎంపిక చేశారు. అంగన్‌వాడీ నియామకాలలో పదవ తరగతి మార్కులతో పాటు మౌఖిక పరీక్షకూ కొన్ని మార్కులు కేటాయిస్తారు.

ఇంటర్వ్యూ ఇప్పటికీ నిర్ణాయకంగా ఉన్న నియామకాలు:

* సివిల్ సర్వీసులు: మొత్తం 2025 మార్కులలో వ్యక్తిత్వ పరీక్షకు 275.
* ప్రభుత్వ రంగ బ్యాంకుల, గ్రామీణ బ్యాంకుల అధికారి ఉద్యోగాలు: ఐ.బి.పి.ఎస్. నియామకాలలో వ్రాత పరీక్షకు 80, ఇంటర్వ్యూకు 20 చొప్పున ప్రాధాన్యం. గ్రామీణ బ్యాంకుల ఆఫీసు అసిస్టెంటు ఉద్యోగాలకు ఇంటర్వ్యూ లేదు.
* ప్రైవేటు ఉద్యోగాలు: దాదాపు అన్నింటికీ ఏదో ఒక రూపంలో ఇంటర్వ్యూ తప్పదు.

న్యాయస్థానాల తీర్పులు

ఇంటర్వ్యూ మార్కుల విషయంలో సుప్రీంకోర్టు పలు ముఖ్యమైన తీర్పులు ఇచ్చింది. అజయ్ హాసియా కేసులో (1981) కళాశాల ప్రవేశాలకు మౌఖిక పరీక్షకు 15 శాతానికి మించి మార్కులు కేటాయించడం అహేతుకమని చెప్పింది. అశోక్ కుమార్ యాదవ్ కేసులో (1985) హర్యానా ప్రభుత్వ నియామకాలలో సాధారణ అభ్యర్థులకు 22.2 శాతం, మాజీ సైనికాధికారులకు 33.3 శాతం ఉండటాన్ని తప్పుపట్టి, నాటి సివిల్ సర్వీసుల పరీక్షలోని 12.2 శాతాన్ని ప్రమాణంగా చూపింది.

తెలుగువారికి సంబంధించిన తీర్పు కె.మంజుశ్రీ కేసు (2008). ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా న్యాయమూర్తుల నియామకానికి వ్రాత పరీక్షకు 75, ఇంటర్వ్యూకు 25 మార్కులుగా నిర్ణయించారు. ఎంపిక ప్రక్రియ అంతా ముగిసిన తరువాత, ఇంటర్వ్యూలో కనీస మార్కులు రావలసి ఉన్నదన్న కొత్త షరతు విధించారు. ఆట మొదలైన తరువాత నియమాలు మార్చరాదని సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టివేసింది. 2024 నవంబరు 7న తేజ్ ప్రకాశ్ పాఠక్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం కూడా ఈ సూత్రాన్ని సమర్థించింది. కాబట్టి నియామక ప్రకటనలో ఇంటర్వ్యూకు ఎన్ని మార్కులు, కనీస మార్కులు ఉన్నాయా లేవా అన్నది అభ్యర్థి ముందే చదివి, ఆ ప్రకటన ప్రతిని భద్రపరచుకోవడం మంచిది.

ఇంటర్వ్యూ ఎంతవరకు నమ్మదగినది

ఇంటర్వ్యూలో మెప్పించినవారు ఉద్యోగంలోనూ రాణిస్తారా అన్న ప్రశ్నపై మనస్తత్వ శాస్త్రంలో విస్తృత పరిశోధన జరిగింది. ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ 1998లో అనేక అధ్యయనాలను క్రోడీకరించి, అందరికీ ఒకే ప్రశ్నలు వేసి ఒకే కొలతతో మార్కులు ఇచ్చే ఇంటర్వ్యూ, ఇష్టం వచ్చినట్లు సాగే సంభాషణ కంటే నమ్మదగినదని చూపారు. పాల్ సాకెట్, అతని సహచరులు 2022లో ఆ లెక్కలను సవరించినప్పుడు అంకెలు తగ్గినా, క్రమబద్ధమైన ఇంటర్వ్యూ మొదటి వరుసలోనే నిలిచింది. క్రమబద్ధం కాని ఇంటర్వ్యూ బాగా వెనుకబడింది. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ యువకుడిగా 1950లలో ఇజ్రాయెల్ సైన్యానికి ఇంటర్వ్యూ పద్ధతిని రూపొందించినప్పుడు, ఒక్కొక్క గుణానికి విడివిడిగా మార్కులు వేసి, మొత్తం అభిప్రాయాన్ని చివరికి ఉంచమని చెప్పాడు. తొలి చూపులో కలిగిన ముద్ర తక్కిన తీర్పునంతా లాగుకొనిపోతుందన్నదే దీనికి కారణం.

దీని నుంచి అభ్యర్థి గ్రహించవలసినవి రెండు. మొదటిది, ఒక ఇంటర్వ్యూలో ఎంపిక కాకపోవడం అసమర్థతకు రుజువు కాదు. రెండవది, తొలి రెండు మూడు నిమిషాలకు ప్రాధాన్యం ఎక్కువ కాబట్టి ఆ భాగాన్ని బాగా సాధన చేయాలి.

సన్నద్ధత

దరఖాస్తును చదువుకోవడం

బోర్డు సభ్యుల ముందు ఉండేది అభ్యర్థి నింపిన దరఖాస్తు. పేరు, ఊరు, చదివిన విషయాలు, అభిరుచులు, మధ్యలో ఖాళీగా ఉన్న సంవత్సరాలు - వీటిలో ప్రతి ఒక్కటీ ప్రశ్న కాగలదు. పుస్తక పఠనం అభిరుచి అని రాసినవారు ఇటీవల చదివిన పుస్తకం పేరు, అందులోని విషయం చెప్పగలగాలి. చదువుకూ ఉద్యోగానికీ మధ్య విరామం ఉంటే కారణాన్ని దాచకుండా చెప్పాలి. తండ్రి అనారోగ్యం వల్ల ఒక ఏడాది మిల్లులో పనిచేసిన అభ్యర్థి దానికి సిగ్గుపడవలసిన పని లేదు. ఆ పనిలో నేర్చుకున్నది రెండు వాక్యాలలో చెప్పగలిగితే ఆ విరామమే అనుభవం అవుతుంది.

సొంత ప్రాంతాన్ని తెలుసుకోవడం

సొంత ఊరి గురించిన ప్రశ్న బోర్డు ఇంటర్వ్యూలలో తరచుగా వస్తుంది. ఆదోని నుంచి వచ్చినవారిని పత్తి గురించి, ఎమ్మిగనూరు నుంచి వచ్చినవారిని చేనేత గురించి అడగడం సహజం. జిన్నింగులో గింజను, దూదిని వేరుచేస్తారని, ప్రెస్సింగులో దూదిని సుమారు 170 కిలోల బేళ్ళుగా కడతారని, ధర పడిపోయినప్పుడు భారత పత్తి సంస్థ (స్థాపన 1970) మద్దతు ధరకు కొంటుందని చెప్పగలిగినవారు సభ్యుల దృష్టిని ఆకర్షిస్తారు. చేనేత సహకార సంఘం సభ్యులకు నూలు ఇచ్చి, మజూరీ చెల్లించి, బట్టను తానే అమ్ముతుంది. ఇందువలన నేతగాడు అప్పు కోసం షావుకారుపై ఆధారపడటం తగ్గుతుంది. ఈ సమాచారం కోసం శిక్షణా కేంద్రానికి వెళ్ళనవసరం లేదు. మార్కెట్ యార్డులో ఒక పూట, మగ్గం దగ్గర ఒక పూట గడిపితే చాలు.

ఉద్యోగాన్ని తెలుసుకోవడం

ఆ ఉద్యోగంలో చేరితే మొదటి రోజు ఏమి చేయవలసి ఉంటుందో అభ్యర్థికి తెలిసి ఉండాలి. గ్రామీణ బ్యాంకు అధికారి ఉద్యోగానికి పంట రుణం, స్వయం సహాయక బృందాల రుణాలు, మొండి బకాయిలు మొదలైన విషయాలు తెలియాలి. సంస్థ చరిత్రలో ఇటీవలి మార్పులు కూడా చూసుకోవాలి. ఉదాహరణకు కడప కేంద్రంగా 2006 నుంచి పనిచేసిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు, 2025 మే 1న మరి మూడు బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా మారింది. పాత పేరు చెప్పే అభ్యర్థి ఆ బ్యాంకు గురించి ఈమధ్య ఏమీ చదవలేదని సభ్యులకు తెలిసిపోతుంది.

నమూనా ఇంటర్వ్యూ

సమాధానాలు మనసులో అనుకోవడం వేరు, నోటితో చెప్పడం వేరు. ముగ్గురు మిత్రులు కలిసి ఒకరు అభ్యర్థిగా, ఇద్దరు సభ్యులుగా కూర్చొని వంతులవారీగా సాధన చేయవచ్చు. అభ్యర్థి సమాధానాలను సెల్‌ఫోనులో రికార్డు చేసి విన్నప్పుడు, వాక్యం పూర్తి చేయకపోవడం, ఒకే మాట పదే పదే వాడటం, కంఠం తగ్గిపోవడం వంటి లోపాలు ఎవరికి వారికే తెలుస్తాయి. సమాధానాలను కంఠస్థం చేయరాదు. ప్రశ్న కొంచెం మారినా కంఠస్థం చేసిన సమాధానం అతకదు.

పత్రాలు, ప్రయాణం

పిలుపు లేఖ, గుర్తింపు కార్డు, పదవ తరగతి నుంచి మార్కుల జాబితాలు, స్థానికతకు అవసరమైన స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ పత్రం, ఫోటోలు - వీటి అసలు ప్రతులను, నకళ్ళను వరుసగా ఫైలులో పెట్టుకోవాలి. వేరువేరు పత్రాలలో పేరు, పుట్టిన తేదీ తేడాగా ఉంటే ఇంటర్వ్యూ పిలుపు వచ్చేదాకా ఆగకుండా ముందుగానే సరిచేయించుకోవాలి. హైదరాబాదు, విజయవాడ, బెంగుళూరు వంటి చోట్లకు ముందు రోజే చేరుకోవడం మంచిది. ఎమ్మిగనూరు వైపు వారు రైలు కోసం ఆదోనికి గానీ మంత్రాలయం రోడ్డు స్టేషనుకు గానీ రావలసి ఉంటుంది కాబట్టి ఆ సమయాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. దుస్తులు ఖరీదైనవి కానవసరం లేదు. ఉతికి ఇస్త్రీ చేసినవి, అంతకుముందు ఒకటి రెండు సార్లు తొడుగుకొన్నవి అయితే కదలికలో ఇబ్బంది ఉండదు.

ఇంటర్వ్యూ గదిలో

అనుమతి అడిగి లోపలికి వెళ్ళి, సభ్యులందరికీ నమస్కరించి, కూర్చోమన్న తరువాత కూర్చోవాలి. ప్రశ్న వేసినవారి వైపు చూస్తూ సమాధానం మొదలుపెట్టి, మధ్యలో తక్కినవారి వైపు కూడా చూడటం మర్యాద. ప్రశ్న పూర్తి కాకముందే సమాధానం ప్రారంభించరాదు. అర్థం కాకపోతే మరొకసారి చెప్పమని వినయంగా అడగవచ్చు. తెలియని ప్రశ్నకు "తెలియదండీ" అని చెప్పడం తప్పు కాదు. ఊహించి చెప్పిన తప్పు సమాధానం దాని వెనుక మరో మూడు ప్రశ్నలను తెస్తుంది. సభ్యులు కావాలని విభేదించినప్పుడు కోపగించుకోకుండా, చెప్పిన మాటను వెంటనే మార్చుకోకుండా, తన అభిప్రాయానికి కారణం చెప్పగలగాలి.

తరచుగా అడిగే ప్రశ్నలు

"మీ గురించి చెప్పండి": దరఖాస్తులో ఉన్నదంతా తిరిగి చదవడం కాదు. ఊరు, చదువు, చేసిన పని, ఈ ఉద్యోగం వైపు ఎందుకు వచ్చారు అన్నవి రెండు నిమిషాలలో ముగించాలి.

"మీ ప్రాంతంలో ప్రధాన సమస్య ఏమిటి?": "మాది వెనుకబడిన ప్రాంతం, ప్రభుత్వం పట్టించుకోవడం లేదు" అన్నది బలహీనమైన సమాధానం. వర్షాధార సేద్యం, పంట తరువాత పని లేకపోవడం, వలస, దాని వల్ల పిల్లల బడి ఆగిపోవడం - ఇలా కారణం నుంచి ఫలితం వరకు వరుసగా చెప్పి, వలస కుటుంబాల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టళ్ళు, ఉపాధి హామీ పనుల వంటి ప్రయత్నాలను ప్రస్తావించి, తానైతే ఏమి చేస్తారో ఒక వాక్యం జోడిస్తే అది బలమైన సమాధానం.

"మీరు ఎదుర్కొన్న ఒక కష్టం చెప్పండి": దీనికి నాలుగు మెట్ల పద్ధతి ఉపయోగపడుతుంది. పరిస్థితి ఏమిటి, తన బాధ్యత ఏమిటి, తాను ఏమి చేశారు, ఫలితం ఏమిటి. కళాశాల వార్షికోత్సవం నడిపించిన అనుభవమైనా, పొలం పనుల మధ్య పరీక్షకు చదివిన అనుభవమైనా చెప్పవచ్చు.

"మీ బలహీనత ఏమిటి?": "నాకు బలహీనతలు లేవు" అనడం, గొప్పనే బలహీనతగా చెప్పడం రెండూ నమ్మకాన్ని తగ్గిస్తాయి. నిజమైన చిన్న లోపం ఒకటి, దానిని సరిదిద్దుకొనేందుకు చేస్తున్న ప్రయత్నం చెప్పాలి.

"ఎంత జీతం ఆశిస్తున్నారు?": ప్రైవేటు ఉద్యోగాలలో అడుగుతారు. ఆ పనికి ఆ నగరంలో సాధారణంగా ఇచ్చే జీతాన్ని, ఇంటి అద్దె ఖర్చును ముందే విచారించుకొని ఉండాలి.

భాష సమస్య

తెలుగు మాధ్యమంలో చదివినవారు ఇంగ్లీషును పెద్ద అడ్డంకిగా భావిస్తారు. అయితే అన్ని ఇంటర్వ్యూలలో ఇది ఒకే విధంగా ఉండదు. సివిల్ సర్వీసులలో భారతీయ భాషా మాధ్యమంలో మెయిన్స్ రాసినవారు అదే భాషలో ఇంటర్వ్యూకు హాజరు కావచ్చు. అవసరమైతే దుబాసీని ఏర్పాటు చేస్తారు. శ్రీకాకుళం జిల్లాకు చెందిన రోణంకి గోపాలకృష్ణ 2016 సివిల్ సర్వీసుల పరీక్షను తెలుగులో రాసి, ఇంటర్వ్యూలోనూ తెలుగులోనే సమాధానాలు చెప్పి, అఖిల భారత స్థాయిలో 3వ ర్యాంకు సాధించాడు. గ్రామీణ బ్యాంకు ఉద్యోగాలకు స్థానిక భాష రావడం ఒక అర్హత. సరిహద్దు ప్రాంత అభ్యర్థికి కన్నడం, ఉర్దూ కూడా వస్తే ప్రజలతో నేరుగా వ్యవహరించవలసిన ఉద్యోగాలలో అది అదనపు బలం. దరఖాస్తులో వచ్చిన భాషలన్నింటినీ రాయడం మరువరాదు.

ఇంగ్లీషు తప్పనిసరి అయిన ప్రైవేటు ఉద్యోగాలలో పెద్ద పదాల కంటే చిన్న, పూర్తి వాక్యాలు మేలు. రోజుకు పది నిమిషాలు ఏదైనా వార్తను బిగ్గరగా చదివి, పుస్తకం మూసి, దానిని సొంత మాటలలో చెప్పే అలవాటు కొన్ని నెలలలో ఫలితం ఇస్తుంది. ప్రాంతీయ యాస లోపం కాదు. మాట స్పష్టంగా వినిపించకపోవడమే లోపం.

మహిళా అభ్యర్థులు

పెళ్ళి ఎప్పుడు, పిల్లలు పుట్టిన తరువాత ఉద్యోగం మానేస్తారా, వేరే ఊరికి ఇంట్లో పంపుతారా వంటి ప్రశ్నలు మహిళలకు ఎదురవుతుంటాయి. నియామకంలో స్త్రీపురుష వివక్ష చూపరాదని 1976 నాటి సమాన వేతన చట్టం నిర్దేశించింది. ఆ నిబంధన తరువాత 2019 వేతనాల కోడ్‌లో చేరింది. ఇటువంటి ప్రశ్న ఎదురైనప్పుడు వ్యక్తిగత వివరాలలోకి పోకుండా, "ఈ ఉద్యోగపు పనివేళలు, బదిలీ నియమాలు తెలుసుకొనే దరఖాస్తు చేశాను, వాటికి సిద్ధంగా ఉన్నాను" అని చెప్పి సంభాషణను ఉద్యోగం వైపు మళ్ళించడం ఉచితం.

మోసాలు

ఇంటర్వ్యూ మార్కులు వేయిస్తామని, దొడ్డిదారిన ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు వసూలు చేసేవారు ప్రతి నియామక సమయంలోనూ బయలుదేరుతారు. పొలమో నగలో తాకట్టు పెట్టి ఇచ్చిన డబ్బు తిరిగి రావడం చాలా కష్టం. డబ్బు ఇచ్చినవారు కూడా చట్టపరమైన చిక్కులలో పడే ప్రమాదం ఉన్నది. ఎంపిక తరువాత శిక్షణ రుసుం, పూచీ సొమ్ము, లాప్‌టాప్ ఖర్చు అంటూ ముందుగా డబ్బు అడిగే సంస్థలను అనుమానించాలి. అసలు సర్టిఫికెట్లను చూపించవచ్చు గానీ తగిన రసీదు లేకుండా ఎవరి దగ్గరా ఉంచరాదు. పిలుపు లేఖ నిజమైనదో కాదో ఆ సంస్థ అధికారిక వెబ్‌సైటులో సరిచూసుకోవాలి. మోసపోయినవారు పోలీసు స్టేషనులో, ఆన్‌లైన్ మోసమైతే 1930 నంబరుకు వెంటనే ఫిర్యాదు చేయాలి.

ఫలితం తరువాత

బయటికి వచ్చిన వెంటనే అడిగిన ప్రశ్నలన్నింటినీ ఒక నోటుపుస్తకంలో రాసుకోవడం ఉపయోగకరం. ఏ ప్రశ్నకు తడబడ్డారో, ఏ సమాధానం సభ్యులకు ఆసక్తి కలిగించిందో రాసుకున్నవారికి రెండవ ఇంటర్వ్యూ మొదటిదానికంటే తేలిక అవుతుంది. ఆ పుస్తకం ఒక్కరి దగ్గరే ఉండిపోక తరువాత వెళ్ళే మిత్రుల చేతికి, కళాశాల గ్రంథాలయానికి చేరితే, ఇంట్లో చెప్పేవారు లేని విద్యార్థులకు ఆ లోటు కొంతవరకు తీరుతుంది. అనేక కళాశాలల్లో ఉద్యోగాలు పొందిన పూర్వ విద్యార్థులను పిలిపించి నమూనా ఇంటర్వ్యూలు జరిపించే ఆనవాయితీ కూడా ఇందుకే ఏర్పడింది.